కూడదను మాట

మన భాషలో ‘కూడదు’ అను మాట యొకటి కలదు. పసిబిడ్డ నడక నేర్చునప్పటినుండి దీనిని వినుచునే యుండును. గడపమీద కూర్చుండకూడదు. దీపము పెట్టిన వేళ గోళ్ళు తీయకూడదు. ఉత్తరదిక్కునకు తల పెట్టి పండుకొనకూడదు. మంగళవారమునాడు క్షౌరము కూడదు. ఎందుకు కూడదని బిడ్డ యడిగినచో, కూడదు గనుక కూడదని ముసలమ్మ యనును. ‘కూడు’ అను క్రియకు కలియుట, పొసగుట అని యర్థము. కనుక కూడదనగా పొసగదని తాత్పర్యము. అన్నమునకు పేరైన ‘కూడు’ వేఱొక ధాతువునుండి వచ్చినదే యైనను, చెవికి రెండును ఒక్కటిగానే వినబడును. మన దేశమున కూటి విషయముననే ‘కూడదు’ అను మాట ఎక్కువగా పలుకుదురు గనుక, చెవి చేసిన యీ పొరపాటు నాకు ముచ్చటగానే తోచును.

ఐరోపీయులకు ఈ భావమునకు సరియైన మాట లేకుండెను. 1777వ సంవత్సరమున కెప్టెన్ జేమ్సు కుక్ పసిఫిక్ మహాసముద్రములోని టోంగా దీవులలో దిగినప్పుడు, అచటి ప్రజలు కొన్ని వస్తువులను తాకక, కొన్ని పదార్థములను తినక, కారణమడిగినచో ‘టాబూ’ అని చెప్పుట విని వ్రాసికొనెను. 1784లో అతని యాత్రాగ్రంథము అచ్చుపడినది. నాటినుండి ఆ మాట లోకమంతటికిని చెల్లినది. దక్కనీ ఉర్దూలో మాత్రము ఇట్టి మాటలకు కొదువ లేదు. మనా అందురు, హరాము అందురు, నాపాక్ అందురు, పర్హేజు అందురు. ఈ కడపటి మాటకు రోగి తినకూడని వస్తువులను విడిచియుండుట యని వాడుక. అది అచ్చముగా మన పత్యమే. హైదరాబాదు ముసలివారు కొందఱు ‘పర్హేజు పత్యము’ అని రెండు మాటలను జంటగా పలుకగా నేను విన్నాను.

శ్రోతలారా, ఈ కూడనివాటిని గూర్చి శాస్త్రముల వరుసలో చెప్పుటకు నేను పూనుకొనలేదు. భిన్నజాతులవారు, భిన్నమతములవారు ఒక్కచోట కాపురముండినప్పుడు, ఒకరి ‘కూడదు’ మఱియొకరి ‘కూడదు’తో తారసిల్లిన చోట ఏమగునో చూడవలెనని నా కోరిక. అందుకు మన నగరములోని అమీరుపేటను, పంజాగుట్టను ఎన్నుకొన్నాను. ఈ పేటల పేర్లే సగము సగముగా నున్నవి. పైగా వంశపు ప్రభువుల బిరుదమైన అమీరె కబీరులోని అమీరు ముందు నిలువగా, మన పేట దాని వెనుక చేరినది. పంజా యనగా పారసీకమున అరచేయి. మొహర్రములో ఎత్తు ఆలములపైన మనము చూచు చేతిగుర్తు అదియే. గుట్ట తెనుగుమాట. చెంతనే యున్న బంజారా కొండలకు పేరు లంబాడీలవలన వచ్చినది.

1591లో మహమ్మదు కులీ కుతుబు షాహు మూసీకి దక్షిణమున కట్టించిన నగరమునకు ఈ చోట్లు బయలు. కోటగోడల లోపలివారికి ఇవి తోటలును, జాగీరు భూములును మాత్రమే. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున కలిసిన తరువాతను, 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాతను, కోస్తాజిల్లాల ఉద్యోగులు, వర్తకులు ఇక్కడికి వచ్చి యిండ్లు కట్టుకొనిరి. 1990ల నాటినుండి మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు పుట్టగొడుగులవలె లేచినవి. 2017 నవంబరులో మెట్రో రైలు నడచిన పిమ్మట, రెండు దారులు కలియు కూడలి అమీరుపేటయే యైనది. నేడిక్కడ ఒక్క గదిలో శ్రీకాకుళపు బాలుడు, ఆదిలాబాదు బాలుడు, బీహారు బాలుడు మూడు మంచములు వేసికొని నిద్రింతురు. తల్లులు చెప్పి పంపిన కూడనివి ముగ్గురివి మూడు విధములు.

అమీరుపేటకు ఆనుకొని బల్కంపేట యున్నది. అక్కడి ఎల్లమ్మను ఎఱుగనివారు ఈ నగరమున అరుదు. ఇతర క్షేత్రములలో దేవుని చూచుటకు మెట్లెక్కుదుము, ఇచట దిగుదుము. అమ్మవారి మూర్తి నేలమట్టమునకు సుమారు పదియడుగుల లోతున, ఒక బావిలో నున్నది. ఆ బావినీటిని భక్తులు రోగహరమని తీర్థముగా కొనిపోవుదురు. ఆషాఢమాసమున మొదటి మంగళవారమునాడు కల్యాణము జరుగును. ఎల్లమ్మ, పోచమ్మ మొదలైన తల్లులకును మన ప్రజలకును నడుమ సంబంధము పెక్కు తరములపాటు ఒక్క రోగము చుట్టునే తిరిగినది. దాని పేరు మశూచి.

ఆ పేరును ఇంటిలో పలుకరాదు. ‘తల్లి వచ్చినది’ అనవలెను, ‘అమ్మవారు పోసినది’ అనవలెను. ద్వారమునకు వేపమండలు కట్టుదురు. పొయ్యిమీద తాలింపు పెట్టరాదు, నూనెలో వేచరాదు, మాంసము తేరాదు. తల దువ్వుకొనరాదు, చాకలికి బట్టలు వేయరాదు, భిక్షగానికి బిచ్చము పెట్టరాదు. ఆలుమగలు వేఱుగా పండుకొనవలెను. చుట్టములు లోనికి రారాదు. రోగి కోలుకొన్న పిమ్మట వేపాకు, పసుపు వేసిన నీటితో మాటుమాటుకు స్నానము చేయించి, అమ్మవారికి చల్లని పెరుగన్నము నైవేద్యము పెట్టి, అప్పుడు మరల తలుపులు తెఱచుదురు. చేచకు వచ్చినదని చెప్పుకొను ముసల్మాను ఇండ్లలో గూడ పెక్కుచోట్ల వేపమండ కట్టుట, ఇల్లు మూసికొనుట కలదు. మతము వేఱైనను తల్లి భయమొక్కటే.

ఈ నియమములలో కొన్ని నేటి వైద్యుడు మెచ్చుకొనదగినవి. చుట్టములను రానీయకుండుట, బట్టలు బయటికి పోనీయకుండుట అనగా అంటురోగిని ఏకాంతమున నుంచుటయే. మఱి కొన్నిటికి అట్టి సమర్థన లేదు. ఆవాలు చిటపటలాడినందువలన పొక్కులు పెరుగవు. అయినను ఇంటివారికి మంచిదానిని, పనికిమాలినదానిని వేఱుచేయు సాధనము లేదు గనుక, అన్నిటిని ఒక్క మూటగా కట్టి పాటించిరి. ఈ మూటకు వెల లేకపోలేదు. తల్లికి కోపము వచ్చునని టీకాలు వేయించుకొననివారు కూడ కలరు. జెన్నరు 1796లో కనిపెట్టిన టీకా 1802లోనే మన దేశము చేరినను, ఆ రోగము మన దేశమునుండి పోవుటకు 1975 వరకు పట్టినది. 1980లో ప్రపంచారోగ్యసంస్థ లోకమంతటను మశూచి నశించెనని ప్రకటించినది. దానిని తరిమినది రెండుమొనల సూదియే కాని వేపమండ కాదు. ఈ మాట చెప్పినందువలన ఎల్లమ్మకు అపచారమేమియు కలుగదు.

నేను ఇంత దూరము ఈ రోగమును గూర్చి చెప్పుటకు వేఱొక కారణమున్నది. అమ్మవారు పోసిన యిల్లు అంటరాని యిల్లే. కాని ఎన్ని దినములు? పొక్కులు రాలువఱకు. ఎవరి యిల్లు? ఎవరిదైనను కావచ్చును, దేశముఖు ఇంటిలోనికిని, బ్రాహ్మణుని ఇంటిలోనికిని తల్లి వచ్చును. పురుటి మైల, చావు మైల కూడ అట్టివే. వానికి గడువున్నది. పదవనాడో పదునొకండవనాడో నీళ్ళు పోసికొన్నచో మైల పోవును. నిన్న అంటరానివాడు నేడు పెండ్లిపందిరిలో కూర్చుండును. గడువును, స్నానమును ఉన్న నిషేధము మనుష్యుని కొంతకాలము ఇబ్బంది పెట్టును గాని వానిని తగ్గింపదు.

మాలమాదిగల యెడల మనవారు పాటించిన అంటు ఈ జాతికి చెందినది కాదు. దానికి గడువు లేదు. దానిని కడుగు నీరు ఏ బావిలోను లేదు; పైగా బావినే వారికి లేకుండ చేసిరి. కాన్పును, చావును, రోగమును అంటుకొను మైల సంగతికి సంబంధించినది. ఇది పుట్టుకకు సంబంధించినది. ఈ భేదమును నేను గట్టిగా చెప్పుటకు హేతువు ఇటీవలి యనుభవమే. 2020 మార్చిలో కరోనా జబ్బు కారణముగా దేశమంతయు తలుపులు మూసికొన్నప్పుడు, మన పెద్దలు మడి పేరున, ఎడము పేరున ఈ జాగ్రత్తనే ఏనాడో చెప్పినారని సెల్‌ఫోనులలో సందేశములు వెల్లువగా వచ్చినవి. వానిలో కొన్ని అంటరానితనమునకే ఆరోగ్యశాస్త్రపు ముసుగు వేయుటకు సాహసించినవి. ఆ వాదము నిలువదు. కరోనా జాగ్రత్త ప్రతివానిని ప్రతివానినుండి దూరముగా నుంచినది, పదునాలుగు దినములకు విడిచినది. అంటరానితనము తరతరములు ఒకే వాడను ఊరినుండి వెలిగా నుంచినది. శుచియే దాని ప్రయోజనమైనచో, రోగియైన దొరను కూడ వెలివాడకు పంపవలసి యుండెను గదా!

విచిత్రమేమనగా, ఎల్లమ్మ కథలోనే ఈ గోడకు బీటయున్నది. పరశురాముడు తండ్రియాజ్ఞచే తల్లి రేణుక తలను నఱకినప్పుడు, అడ్డము వచ్చిన మాతంగి యను మాదిగ స్త్రీ తలయు తెగెననియు, తిరిగి బ్రదికించునపుడు తలలు తాఱుమాఱైనవనియు మన పల్లెలలో చెప్పుదురు. ఒక కులపు తల, మఱియొక కులపు మేను కలిసి యొక దేవత యైనది. ఆ దేవతకు మ్రొక్కువారు మాత్రము తలలను, మేనులను వేఱువేఱు వాడలలోనే యుంచిరి. ఒంగోలు ప్రాంతమున క్రైస్తవప్రచారము చేసిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అను అమెరికా దేశపు వనిత 1899లో ప్రకటించిన గ్రంథమున మాతంగిని గూర్చి వ్రాసినది. మాదిగవాడలో పుట్టిన ఆమె, దేవత పూనినప్పుడు పెద్దకులములవారిమీద ఉమియుచు తిరుగుననియు, ఆ ఉమ్మి పవిత్రమని వారు తలవంచి స్వీకరింతురనియు అందు కలదు. ఆ పూనకము దిగిన పిమ్మట ఆమె తన వాడకే పోవలెను. కొందఱు పండితులు ఇట్టి ఆచారములను చూపి, మన సమాజమున సమత్వము లేకపోలేదందురు. సంవత్సరమునకొక దినము తలక్రిందులైన ధర్మము, తక్కిన మూడువందల అరువదినాలుగు దినములు నిటారుగా నిలుచుటకే తోడ్పడినదని నా యభిప్రాయము. ఎల్లమ్మ పేరున ఆడుపిల్లలను జోగినులుగా విడుచు దురాచారమును 1988లో శాసనముచే నిషేధింపవలసి వచ్చినదని మఱవరాదు.

ఈ విషయమున హైదరాబాదునకు గర్వకారణమైన పేరొకటి యున్నది. భాగ్యరెడ్డివర్మ 1888లో ఈ నగరముననే పుట్టెను. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించెను. 1917లో బెజవాడలో ఆయన యధ్యక్షతన జరిగిన సభలో పంచములను పేరును విడిచి ఆదిఆంధ్రులను పేరును వహించిరి. 1939లో ఆయన చనిపోయెను. ఆయన తన వారికి చెప్పిన మాటలలో కూడ ‘కూడదు’లు చాల కలవు. కల్లు కూడదు, పండుగలలో జంతుబలి కూడదు, పిల్లలను జోగినులుగా విడువకూడదు, బాల్యవివాహము కూడదు. ఇతరులు తమపై మోపిన నిషేధమును పోగొట్టుకొనుటకు, తమంతట తాము కొన్ని నిషేధములను పెట్టుకొనుడని ఆయన బోధించెను. పెద్దకులములవారి ఆచారములను అనుకరించుటయే యిది యని నేడు కొందఱు ఆక్షేపింతురు. ఆ యాక్షేపణలో కొంత నిజము లేకపోలేదు. కాని కల్లుదుకాణమునకు పోవు కూలిడబ్బు బిడ్డ బడిఫీజునకు పోవలెనని కోరినవానిని అనుకర్త యని కొట్టివేయుట నాకు నచ్చదు.

మైలల మాట యిక చాలించి మాసముల మాటకు వత్తును. ఆషాఢమున మనకు పెండ్లిండ్లు లేవు. క్రొత్తపెండ్లికూతురు పుట్టింటికి పోవలెను. అత్తయు అల్లుడును ఒక్క గడప దాటరాదు. దీనికి నేడు చదువుకొన్నవారు చెప్పు కారణము అందఱును విన్నదే. ఆషాఢమున గర్భము నిలిచినచో వేసవిలో కాన్పు వచ్చునట. అందుచే ఋషులు ముందుచూపుతో వేఱుచేసిరట. నేను పంచాంగము తీసి లెక్క వేసితిని. 2024లో ఆషాఢము జూలై 6న మొదలై ఆగస్టు 4న ముగిసినది. ఆ మాసమున నిలిచిన గర్భములకు మార్చి చివర మొదలు ఏప్రిల్ చివరిలోపల కాన్పులు వచ్చును. మఱుసటి మాసమైన శ్రావణములో, మనము బాజాలు మ్రోగించి జంటలను కలుపు ఆ శ్రావణములో, నిలిచిన గర్భములకు కాన్పులు మే నెలలో వచ్చును. హైదరాబాదునకు మే నెలకంటె మండుటెండ యేది? కనుక వేసవి కాన్పులు తప్పించుటకే ఈ నియమమైనచో, ఋషులు ఒక నెల తప్పినారనవలసి వచ్చును.

మఱియొక సాక్ష్యము చూడుడు. జాఫర్ షరీఫను దక్కను ముసల్మాను వ్రాసిన ‘కానూనె ఇస్లాం’ అను గ్రంథమును హెర్క్లాట్సు అను వైద్యుడు ఇంగ్లీషు చేసి 1832లో ప్రకటించినాడు. అందు సఫరు మాసపు మొదటి పదుమూడు దినములను గూర్చి యున్నది. వానిని హైదరాబాదువారు తేరా తేజీ యందురు. ప్రవక్తకు జబ్బుచేసిన దినములని వానికి కీడు చెప్పుదురు. పదుమూడవనాడు గ్రుడ్లు, నూనె బీదలకు దానమిత్తురు. ఆ దినములలో శుభకార్యములు చేయరనియు, క్రొత్తగా పెండ్లియైన వధూవరులను ఒకరి కంట ఒకరిని పడనీయక వేఱుగా నుంతురనియు షరీఫు వ్రాసినాడు. ఒకరికి ఆషాఢము, ఒకరికి సఫరు. ఒకరికి ఎండ కారణము, ఒకరికి ప్రవక్త జబ్బు కారణము. పని మాత్రము ఒక్కటే. క్రొత్తజంటను కొన్నాళ్ళు పెద్దలు తమ చేతిలో నుంచుకొని, ఈమె ఇంకను పుట్టింటి బిడ్డయే యని గుర్తు చేయుట దీని యంతరార్థమని నేననుకొందును. కారణములు తరువాత వచ్చి చేరినవి. ఏ మతమువారు ఆ మతపు బట్ట తొడిగినారు.

ముసల్మానుల సంవత్సరము చంద్రుని లెక్కచే 354 దినములే గనుక, వారి మాసములు మన ఋతువులలో వెనుకకు జరుగుచు సుమారు ముప్పదిమూడేండ్లకు ఒక చుట్టు తిరిగి వచ్చును. మనకు అధికమాసము కలదు గనుక మన మాసములు పెద్దగా కదలవు. అందుచేత వారి కూడని నెల మన కూడని నెలతో కొన్నేండ్లకొకమారు కలియును. 2024లోను, 2025లోను ఆషాఢము, మొహర్రము ఒక్క అమావాస్య దాటగనే వరుసగా మొదలైనవి. గోలకొండలో తొలిబోనము ఎత్తిన దినములలోనే పాతబస్తీలో నల్లబట్టలు కట్టిరి. షియాలకు ఈ శోకము రెండు మాసముల ఎనిమిది దినములు సాగును. వారింట అంతకాలము బాజా మ్రోగదు. పెండ్లి మందిరముల యజమానులకు, బాజాభజంత్రీలవారికి ఆ రెండేండ్లు వేసవి దాటగనే రెండు వైపులను పని లేదు. ఈ నగరమున రెండు పంచాంగములను కంఠస్థము చేసినవారు పురోహితులు గారు, కాజీలు గారు, మందిరముల గుమాస్తాలు.

ఇక కూటి మాట. మన కోమట్లలో గోత్రమునకొక చెట్టు కలదు. ఉసిరి గోత్రమువారు ఉసిరిని, చింత గోత్రమువారు చింతను, అనప గోత్రమువారు అనపను ముట్టరాదని నియమము. ఎడ్గారు థర్‌స్టను 1909లో అచ్చువేసిన గ్రంథమున దీనిని వివరముగా వ్రాసి, తినక తప్పనివారు గయలో ఆ చెట్టునకు పితృకార్యము చేసి విడుదల పొందుదురని చెప్పినాడు. చింతపండు లేక తెనుగువాడు బ్రదుకుట యెట్లు? కనుకనే ఈ దారి తీసిరి కాబోలు. ప్రతి ‘కూడదు’కును ఎక్కడో ఒక పెరటిదారి యుండుట నేను గమనించిన సంగతి.

పెక్కుజాతులు కలిసిన చోట పెరటిదారులు చాలవు, లెక్క కావలెను. హిందువునకు గోవు కూడదు, ముసల్మానునకు పంది కూడదు. కాబట్టి దక్కనులో అందఱి విందులకును మేకయే గతియైనది. దానిని సైతము మన పల్లెలలో పెక్కుచోట్ల ముల్లాను పిలిపించి జబ్బ చేయింతురు. అట్లైన ఊరిలోని ముసల్మానులు కూడ పంక్తికి రాగలరు, హిందువునకు అభ్యంతరము లేదు. సిక్కులకు మాత్రము అట్లు కోసిన మాంసము పనికిరాదు. అమీరుపేటలోనే గురుద్వారమున్నది. గురుద్వారములలో పెట్టు లంగరు శాకాహారమే. అందఱును నేలమీద వరుసగా కూర్చుండి తినవలెను. ఎవరి నిషేధమును మీఱని భోజనము, ఎవరిని వేఱుగా కూర్చుండనీయని పంక్తి. ఈ రెండింటిని కలిపి యాలోచించినవారు గొప్ప లెక్కగాండ్రు.

అమీరుపేట వసతిగృహములలోని వంటవారు గూడ, ఏ శాస్త్రము చదువకయే, ఈ లెక్క చేసినారు. సోమవారము శివునిది, మంగళవారము ఆంజనేయునిది. గురువారము సాయిబాబాది, పంజాగుట్ట ద్వారకాపురిలోని ఆయన గుడికి ఆ దినమున వచ్చు జనమును చూచినవారికి ఆ లెక్క అర్థమగును. శుక్రవారము లక్ష్మిది, శనివారము వేంకటేశ్వరునిది. ఏ బాలుడు ఏ వారము పాటించునో వెదకుట వంటవానికి సాధ్యము కాదు. అన్ని వారములను కొట్టివేయగా మిగిలినవి రెండు. అందుచేతనే ఈ పేటలలో బుధవారము, ఆదివారము కోడికూర వండు వసతిగృహములు మెండు. కోడి గోవు కాదు, పంది కాదు, వెలకు మేక యంత కాదు. కార్తికమాసమున నల్లబట్టలు కట్టి అయ్యప్పదీక్ష పట్టిన బాలురు నలువదియొక దినములు ఆ కూరవైపు చూడరు. ఆ దినములలో వారిలో వారికి కులముపేర్లు లేవు, ప్రతివాడును స్వామియే. నేను ముందు చెప్పిన గడువుగల నిషేధములలో ఇది ఒకటి.

వసతిగృహములో తీరిన యీ లెక్క అద్దెయింటి గుమ్మము దగ్గఱ తీరలేదు. నేను చదువు ముగించిన క్రొత్తలో బల్కంపేట సందులలో గదికై తిరిగినప్పుడు, ఒక యిల్లాలు తాళముచెవి చేతబట్టుకొని, గది చూపకముందే “మీరేమోళ్ళు?” అని యడిగినది. నేను మా యూరి పేరు చెప్పితిని. “ఊరు గాదు బిడ్డా, మీరేమోళ్ళని అడుగుతున్న” అని ఆమె మరల నడిగినది. నేను నవ్వి యూరకుంటిని. ఆమెయు నవ్వి, “మా ఇంట్ల కూరగాయలు తినేటోళ్ళకే ఇస్తం” అని తాళముచెవి కొంగున ముడివేసికొన్నది. అప్పుడే వారి వంటయింటినుండి మసాలా వేసిన మాంసపు వాసన వచ్చుచుండెను. ఆదివారము గదా!

తరువాత నాకు తెలిసినదేమనగా, ఆ వీధిలో ఎవరును కులమును పలుకపై వ్రాయరు. ‘శాకాహారులకు మాత్రమే’ అని వ్రాయుదురు. 2014 నాటి కేంద్రప్రభుత్వపు లెక్కలలో తెలంగాణమున పదునైదేండ్లు దాటినవారిలో నూటికి తొంబదియెనిమిదిమందికి పైగా మాంసాహారులని తేలినది. అట్టి చోట ఆ పలకలు అన్ని యుండుట అంకగణితమునకు పొసగదు. బియ్యములో రాళ్ళేరినట్లు మనుష్యులను ఏరుటకు కూర యొక జల్లెడయైనది. కూరకు పెట్టిన కూడదు కొన్ని యిండ్లలో నిజముగా కూరకే. ఒక జైనకుటుంబము తన కప్పుక్రింద మాంసము వండవద్దనుట న్యాయమే యని నేనొప్పుకొందును. మాంసము తిను యజమాని మాంసము తినువానికి గది లేదనునప్పుడు మాత్రము ఆ మాటకు అర్థము వేఱు.

1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగములో పదునేడవ అధికరణము అంటరానితనమును రద్దుచేసినది. పదునైదవ అధికరణములో, మతము, కులము, జాతి, లింగము, పుట్టినచోటు కారణముగా ఎవనికిని ప్రవేశము లేకుండ చేయరాని చోట్లను పేరుపేరున చెప్పినారు: అంగళ్ళు, భోజనశాలలు, హోటళ్ళు, వినోదస్థలములు, బావులు, చెఱువులు, స్నానఘట్టములు, రహదారులు. బావిని ప్రత్యేకముగా పేర్కొనుట చూచినప్పుడెల్ల బల్కంపేట బావి నాకు స్ఫురించును. అద్దెయిల్లు ఆ పట్టికలో లేదు. 2005లో సుప్రీంకోర్టు, అహమ్మదాబాదులోని ఒక పారసీకుల గృహనిర్మాణసంఘము తన యిండ్లను పారసీకులకే పరిమితము చేసికొనవచ్చునని తీర్పు చెప్పినది. పారసీకులు చిన్నసంఖ్యవారు, తమ ఆచారములను నిలుపుకొన తలచినవారు; వారి సంగతి వేఱని నేనందును. అమీరుపేటలో తలుపు తట్టు బాలుని యెదుట నిలిచిన యిల్లాలు చిన్నసంఖ్యవారిలో చేరినది కాదు. ఆ సందులలో మెట్రో స్తంభముల నీడన, శిక్షణాలయముల ప్రకటనల నడుమ, అద్దెకిచ్చు గదుల పలకలు నేటికిని వ్రేలాడుచున్నవి. ఫోను చేసినచో మొదట నడుగునది ఇంటిపేరు.